ఒక మెట్టు పసుపు

ఫిబ్రవరి 9

గుండూ,

ఫోను ఉండగా ఈ కాగితమేమిటని మీ ఇంట్లో నవ్వుకుంటారని తెలుసు. ఫోను తెర పావుగంట చూస్తే ఎడమ కణతలో మేకు దిగినట్టుంటోంది. పోనీ మాట్లాడదామంటే, నువ్వు నన్ను రెండు మాటలు పూర్తిగా చెప్పనివ్వవు. కాగితం మీదైతే అడ్డురాలేవు కదా.

సంగతేమిటంటే, నాలుగు నెలలుగా నాకు వెలుతురు పడటం లేదు. పళ్ళు కట్టే ల్యాబులో వెలుతురు లేకుండా పనెక్కడిది? బల్ల మీద తెల్లదీపం, పక్కనే పంటి ఆకారం గీసే కంప్యూటరు. మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టే. కళ్ళ డాక్టరు ఉన్న మిషన్లన్నిటిలోనూ తల పెట్టించి, చివరికి జబ్బేమీ లేదన్నాడు. తెర వెలుతురు కంటిని పాడుచెయ్యదట. కానీ నాకు ముందునుంచీ తలనొప్పి ఉంది కాబట్టి, అందులోని నీలం నాకు సరిపడటం లేదట. దాన్ని కొంత ఆపే అద్దాలు వేసుకుని హాయిగా ఉంటే వేసుకోమన్నాడు.

కొట్లో ఒక జోడు పెట్టుకుని చూశాను. హాయిగానే ఉంది, కానీ లోకానికంతా కామెర్లు వచ్చినట్టుంది. మా రంగుల పట్టీ నీకు తెలుసుగా, పదహారు పింగాణీ పళ్ళు వరసగా గుచ్చి ఉంటాయి. వచ్చినవాళ్ళ పంటి పక్కన పెట్టి ఏది కలుస్తుందో చూస్తాం. ఆ జోడులోంచి చూస్తే పదహారూ కవలపిల్లల్లా ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇక్కడ రంగు ఎంచేది నేనొక్కదాన్నే. మా యజమానురాలికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

అద్దాలకి రంగు వేసేవాడివి నువ్వు. నీలం ఆగాలి, మిగతా రంగులు కదలకూడదు. అలాంటిది చెయ్యగలవా? డాక్టరు రాసిన పవరు చీటీ ఇందులోనే పెట్టాను. చెయ్యలేకపోతే చెయ్యలేనని రాయి, ఏమీ అనుకోను.

మీ బావ మోకాలు అలాగే ఉంది. దిగేటప్పుడల్లా మెట్లని తిడుతున్నారు.

నీ అక్క

*

ఫిబ్రవరి 16

అక్కా,

"చెయ్యలేకపోతే" అని రాశావు చూడు, ఆ ఒక్క మాటకి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇరవై రెండేళ్ళుగా రంగుతొట్టెల ముందు నిలబడ్డవాణ్ణి.

విను. నీలంలో ఊదా వైపు ఉండే ముక్క ఒకటి కంటికి ఎక్కువ గుచ్చుకుంటుంది. కొట్టువాళ్ళు దానితోపాటు నీలమంతా ఊడ్చిపారేస్తారు. నీలం పోతే మిగిలేది పసుపే కదా. నేను ఆ ముక్క మీదే గురిపెట్టి మిగతాది వదిలేశాను. అప్పటికీ అద్దంలో కాస్త పసుపు ఉండిపోతుంది. దానికి విరుగుడు ఊదారంగు తొట్టె. మరుగుకు దగ్గరగా ఉన్న ఆ రంగునీళ్ళలో అద్దాన్ని కొన్ని సెకన్లు ముంచి తియ్యాలి. ఎక్కువైతే ఎదుటివాళ్ళందరూ సిగ్గుపడుతున్నట్టు కనిపిస్తారు. తక్కువైతే నీ కామెర్లే. ఎంత వెలుతురు ఆగిందో మా మిషను చెబుతుంది. ముంచడం ఎక్కడ ఆపాలో మాత్రం కన్నే చెప్పాలి. తెల్లకాగితం మీద పెట్టి, అద్దం రంగూ కాగితం రంగూ ఒకటయ్యాక ఆపేశాను. నాలుగోసారికి కుదిరింది.

జోడు ఈ పొట్లంలోనే ఉంది. పని చేస్తున్నంతసేపూ తియ్యకు. పెట్టుకోవడం, తియ్యడం, మళ్ళీ పెట్టుకోవడం చేస్తే కన్ను దేనికీ అలవాటు పడదు.

నీ మరదలు నీ ఉత్తరం చదివి నవ్వలేదు. నన్ను తిట్టిన చోట మాత్రం నవ్వింది.

గుండు
(ఇప్పుడు సన్నబడ్డాను, ఈ పేరు మార్చే ఉద్దేశం ఏమైనా ఉందా)

*

మార్చి 4

గుండూ,

పేరు మార్చను.

జోడు పెట్టుకుని పన్నెండు రోజులైంది. పన్నెండు రోజుల్లో ఒక్కరోజే మాత్ర వేసుకున్నాను, అదీ పై ఇంటివాళ్ళు గోడకి మేకులు కొట్టడం వల్ల. సాయంత్రం ఇంటికొచ్చి, దీపం ఆర్పమని మీ బావని సతాయించకుండా నలుగురితోపాటు కూర్చుంటున్నాను. నువ్వు చెప్పినట్టే పని చేస్తున్నంతసేపూ తియ్యడం లేదు.

ఒక పెద్దబడి హెడ్‌మిస్ట్రెస్ గారికి పైవరసలో ముందు పన్ను విరిగింది. ఒక్కటే, సరిగ్గా మధ్యలోది. మా పనిలో అన్నిటికన్నా కష్టమైనది అదే. నాలుగు పళ్ళు కట్టాలంటే నాలుగూ ఒకదానికొకటి కలిస్తే చాలు. ఒక్క పన్నయితే పక్కనున్న అసలు పన్ను పొద్దస్తమానం సాక్ష్యం చెబుతూ ఉంటుంది. ఆవిడే స్వయంగా ల్యాబుకి వచ్చారు. పట్టీ పక్కన పెట్టి చూసి, రంగు రాసుకుని, పింగాణీ పొరలు వేసి నిన్ననే కొలిమిలోంచి తీశాను. నీ అద్దాలతో చేసిన మొదటి పెద్ద పని అది.

నీకు చేతకాదేమోనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ అక్క

*

మార్చి 12

అక్కా,

నీ ఉత్తరం తీసుకెళ్ళి మా యజమానికి చూపించాను. పళ్ళ రంగు ఎంచే మనిషి పెట్టుకుని పనిచేస్తోందంటే ఇంతకన్నా పరీక్ష ఏముంటుంది అన్నాడు. ఇప్పటికి అలాంటివే ఇంకో ఆరు జోళ్ళు చేశాను. అందులో ఒకటి ఇంటిగోడల రంగులు కలిపే ఆయనకి, ఒకటి అద్దకం పనిచేసే ఆవిడకి. మిగతావి కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళకి. మా కొట్టు ముందు దీని గురించి బోర్డు కూడా రాయిస్తాడట.

పని గదిలో ట్యూబులైట్లు మసకగా ఉన్నాయని రెండోసారి మార్పించాను. ఇప్పుడొచ్చే సరుకులో పస ఉండటం లేదు.

గుండు

*

మార్చి 13

తమ్ముడికి,

పన్ను తిరిగొచ్చింది.

పళ్ళ డాక్టరు దాన్ని తాత్కాలికంగా అతికించి ఆవిణ్ణి ఇంటికి పంపాడు. ఆవిడ ఎండలో కారు అద్దంలో చూసుకుని అట్నుంచి అటే ఆయన దగ్గరికి వెనక్కి వెళ్ళారట. నిన్న ల్యాబుకి వచ్చి మా యజమానురాలి ముందు నిలబడి, "ఇది నా పన్ను కాదండీ, మా అత్తగారిది," అన్నారు. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వుతూ అన్నారు.

జోడు తీసి చూశాను. పక్కపన్ను కన్నా ఒక మెట్టు పసుపు. ఒక్క మెట్టంటే ఏమిటో నీకు తెలియకపోవచ్చు, నోరు తెరిస్తే ముందు అదే కనిపిస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో రంగు తప్పి నా చేతి పని వెనక్కి రావడం ఇదే మొదలు. రంగు ఎంచే పని నా దగ్గర్నుంచి తీసి అచ్చులు పోసే ఆయనకిచ్చారు, "కొన్నాళ్ళు" అని.

అద్దం రంగూ కాగితం రంగూ ఒకటయ్యాయని నువ్వే రాశావు. పని చేస్తున్నంతసేపూ తియ్యొద్దనీ నువ్వే రాశావు. రెండూ నీ దస్తూరీలో నా ముందే ఉన్నాయి.

అక్క

*

మార్చి 20

అక్కా,

నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఎదురెదురుగా పోయినట్టున్నాయి. నేను బోర్డు గురించి రాసిన పూటే నీకు ఇలా జరిగింది.

పని అంటే తెర ముందు పని, దీపం కింద చెక్కే పని అని నా ఉద్దేశం. రంగు ఎంచడం కిటికీ దగ్గర, ఉత్తకళ్ళతో చేస్తావనుకున్నాను. అది విడిగా రాయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

అద్దం తప్పంటే మాత్రం ఒప్పుకోను. నీకు పంపేముందు పదిసార్లు చూశాను. కావాలంటే ఇప్పుడే తెల్లకాగితం మీద పెట్టి చూడు, పాలతెలుపు. ఇరవై రెండేళ్ళలో నా రంగు తప్పిందని ఒక్కరూ రాలేదు. ముప్ఫై ఏళ్ళు దీపాల కింద పెట్టి అరగదీసిన కళ్ళు నీవి. నాలుగు నెలలుగా బాగాలేవని నువ్వే రాశావు. తప్పు అద్దంలోనే ఉండాలని ఏముంది?

ఈ మాట రాయొద్దని నీ మరదలంది. రాశాను.

తమ్ముడు

*

మార్చి 27

గుండూ,

నీ ఉత్తరం మీ బావ చదివి వినిపించారు. నా కళ్ళ గురించి రాసిన చోటికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. మొత్తం చదవమన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ గారి పన్ను మళ్ళీ కట్టాను. జోడు తీసేసి, ఉత్తరం వైపు కిటికీ దగ్గర, ఉత్తకళ్ళతో. కలిసింది. ఆ తర్వాత రెండు రోజులు తల పగిలిపోయింది. రంగు ఎంచే పని మాత్రం తిరిగి రాలేదు. అడగలేదు కూడా.

దెబ్బలాడటానికి రాయడం లేదు. నీ సాయం ఒకటి కావాలి. ఈ డబ్బాలో ఎనిమిది పింగాణీ బిళ్ళలున్నాయి, నేనే కాల్చాను. పసుపు తక్కువున్న దానినుంచి ఎక్కువున్న దానిదాకా వరసగా పేర్చి, ఇదే అట్టముక్క మీద అతికించి పంపు. పొద్దున పదింటికి, కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి. వెనక అంటించిన కాగితాలు పీకకు. జోళ్ళేవీ పెట్టుకోకు.

నా మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

ఏప్రిల్ 4

అక్కా,

నేను చేసిన అద్దం ఏ రంగు దగ్గర తడబడుతోందో ఉత్తకళ్ళ వరసతో పోల్చి తెలుసుకోవడానికి ఇవి పంపావని అర్థమైంది. మంచి ఆలోచన. నువ్వు చెప్పినట్టే పదింటికి కూర్చుని పేర్చాను. ఐదు నిమిషాల పని.

ఒకటి మాత్రం గమనించు, హడావిడిలో ఒకే బిళ్ళని మూడుసార్లు పెట్టేశావు. మొదటి మూడూ ఒకటే రంగు. ఎలాగూ ఒకటే కాబట్టి ఏదో ఒక వరసలో అతికించాను. నువ్వు ఇలాంటి పొరపాటు చేసే మనిషివి కాదు. కాస్త విశ్రాంతి తీసుకో.

కిందటి ఉత్తరంలో కళ్ళ సంగతి అలా రాయకుండా ఉండాల్సింది.

గుండు

*

ఏప్రిల్ 9

గుండూ,

ఇది కూర్చుని చదువు. నీ భార్యని పక్కన కూర్చోబెట్టుకో.

ఆ ఎనిమిదిలో ఏ రెండూ ఒకటి కావు. మొదటి మూడింటిలో ఒకటి మంచు తెలుపు, ఒకటి మా పట్టీలో మొదటి రంగు, మూడోది దానికన్నా రెండు మెట్లు పసుపు. నువ్వు ఆ మూడోదాన్ని అన్నిటికన్నా ముందు అతికించావు. చివర మిగిలినవాటిలోనూ రెండు అటూ ఇటూ అయ్యాయి. నీకు పంపేముందు అవే బిళ్ళలు మీ బావ చేత పేర్పించాను. ఆయన జన్మలో రంగు చూసి ఒక చొక్కా కొన్న మనిషి కాదు. ఒక్కటే తారుమారైంది.

కాగితం మీద పెట్టి చూడమన్నావు కదా. ఆ రోజే పెట్టాను. నాకు లేత పసుపు కనిపించింది. నా కళ్ళ మీద నాకే అనుమానం వచ్చి మీ బావని పిలిచాను. ఆయన గుమ్మంలోంచే, "ఆ పసుపు అద్దాలు ఎవరివి?" అన్నారు. నువ్వు పాలతెలుపని పదిసార్లు చూసి మరీ పంపినవి అవి. నువ్వు అబద్ధం ఆడవు. నిర్లక్ష్యంగా చేసే రకానివీ కాదు. అందుకే ఆ బిళ్ళలు కాల్చి పంపాను. నీకు చెప్పకుండా పరీక్ష పెట్టాను, దానికి నన్ను ఎంత తిట్టినా పడతాను.

నీ కంట్లోనే పసుపు పొర ఏదో కమ్మినట్టుంది. నీ కన్నే నీలాన్ని ఆపేస్తుంటే, అద్దం ఇంకాస్త ఆపినా నీకు తెలియదు. ట్యూబులైట్లు మసకగా ఉన్నాయని రెండుసార్లు మార్పించానన్నావు. అవి బాగానే ఉన్నాయేమో.

వెంటనే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఏమన్నాడో రాయి. కోపంగా ఉంటే ఆ ఒక్క ముక్కే రాయి.

నీ అక్క

*

ఏప్రిల్ 30

అక్కా,

మూడు వారాలు రాయలేదు. మొదటి వారం కోపం. రెండోవారం భయం. మూడోవారంలో నీ మరదలు డాక్టరు దగ్గర పేరు రాయించి, రిక్షా పిలిచి, చెప్పులు నా కాళ్ళ ముందు పెట్టింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. యాభై రెండేళ్ళకే రావడం అరుదేమీ కాదట. నెమ్మదిగా వచ్చాయి కాబట్టి తెలియలేదట. డాక్టరు అడిగినవాటికి నేను చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. దీపం చుట్టూ వలయం కనిపిస్తే బల్బు తప్పన్నాను. కిటికీ మసకైతే అద్దం కడగలేదని ఇంట్లో గొడవపెట్టుకున్నాను. ఆవిడ పాపం రెండుసార్లు కడిగింది.

నా భయమేమిటో చెబుతాను. రంగు చూడలేనివాడు రంగుతొట్టె ముందు ఎందుకు? ఈ మాట మా యజమాని అనేలోపు నేనే అనాలని వెళ్ళాను. అంతా చెప్పాను, నీ పన్ను సంగతీ, బిళ్ళల సంగతీ. ఆయన బల్ల మీది ఫ్రేములు సర్ది, "ఆ ఆరుగురికీ నువ్వే ఫోను చెయ్యి," అన్నాడు. చేశాను. ఐదుగురు నవ్వి ఊరుకున్నారు. అద్దకం ఆవిడ మాత్రం నవ్వలేదు. ఒక తాను రంగు తేడా వచ్చి, కూతురు కలిపిందని ఆ పిల్లని తిట్టిందట.

ఆపరేషను మే 14న, ముందు కుడికన్ను. నీ కళ్ళ గురించి నేను రాసింది నీ దగ్గరుంటే చింపెయ్యి.

గుండు

*

మే 6

గుండూ,

చింపాను. మీ బావ ఇంకో కాపీ తీసి దాచలేదని నమ్ముతున్నాను.

నువ్వు మీ యజమానికి చెప్పావని చదివాక నాకు సిగ్గేసింది. మర్నాడే మా యజమానురాలి దగ్గర కూర్చుని వెలుతురు సంగతి, తలనొప్పి సంగతి చెప్పాను. "ఇన్ని నెలలు ఎందుకు దాచారు?" అంది. రంగు ఎంచే పని తీసేస్తారని, అన్నాను. "దాచినందుకు ఉందా ఆ పని?" అంది. సాయంత్రానికి నా బల్లని ఉత్తరం కిటికీ పక్కకి జరిపించింది. ఇంతకన్నా ఏమీ మాట ఇవ్వలేదు.

ఆపరేషనుకి భయపడకు. అద్దం మార్చడమే కదా. ఒకరి అద్దాలు మార్చడం నీకు కొత్తా?

కంట్లో నీళ్ళు పడనివ్వకు. నా మరదలు చెప్పిన మాట విను.

అక్క

*

జూన్ 2

అక్కా,

కుడికన్ను అయిపోయింది. ఎడమది పదకొండున.

ఒక కన్ను మూసి ఒకటి తెరిచి చూస్తూ కూర్చోవడమే నా పనిగా ఉంది. ఎడమకంటికి మా గోడ వెన్న రంగు. కుడికంటికి అదే గోడ నీలం కలిపిన తెలుపు. రెండిట్లో ఏది గోడ అని మొదటిరోజు డాక్టర్ని అడిగాను. కుడికన్ను చెప్పిందే అన్నాడు.

పనిగదికి వెళ్ళి నేను చేసిన అద్దం ఒకటి కాగితం మీద పెట్టాను. పసుపు. వాదించడానికేమీ లేదు. మా యజమాని నన్ను తొట్టె ముందునుంచి పొమ్మనలేదు. కానీ ఇకమీదట ఏ అద్దమైనా బయటికి పోయేముందు రెండో మనిషి చూడాలని నియమం పెట్టాడు. నేను కాదనలేదు.

నీ జోడు మళ్ళీ చేశాను. ఊదాలో ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు ముంచాను. తెలుపు తెలుపుగా ఉంటే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అదీ సగమే నిజం. అందుకే నువ్వు అట్ట మీంచి తీసి మళ్ళీ పంపిన బిళ్ళలు ఎనిమిదీ అద్దంలోంచి చూసి, కుడికంటితో పేర్చి, వరస చెడనప్పుడే ఆపాను. మా యజమాని కూడా పేర్చాడు. ఇప్పుడు నువ్వు చూడు. బాగోలేకపోతే బాగోలేదని రాయి. చెయ్యలేవన్నా ఏమీ అనుకోను.

గుండు

*

జూన్ 13

గుండూ,

ల్యాబులో, మా యజమానురాలి ముందే చూశాను. పట్టీలోంచి పదహారు పళ్ళూ ఊడదీసి కలిపేసి, ముందు ఉత్తకళ్ళతో పేర్చాను. తర్వాత నీ జోడుతో. పద్నాలుగు వాటి చోట్లోనే కూర్చున్నాయి. లేతగా ఉండే రెండిటి దగ్గర మాత్రం తేడా తెలియలేదు. జోడు తీస్తే తెలుస్తోంది.

అంటే ఇదీ లెక్క: దీపం కింద, తెర ముందు రోజంతా పెట్టుకుంటాను. రంగు ఎంచే రెండు నిమిషాలూ కిటికీ దగ్గర తీసేస్తాను. నీలాన్ని ఆపే ఏ అద్దమైనా ఎంతో కొంత తినకుండా ఉండదని నాకు అర్థమైంది. నీది తక్కువ తింటోంది. చాలు.

అచ్చులు పోసే ఆయన రంగుల పట్టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆయనకీ అది బరువుగానే ఉందట.

రెండో కన్ను ఎలా ఉంది?

అక్క

*

జూన్ 24

అక్కా,

రెండో కన్ను బాగుంది. చుక్కలమందు రోజుకి నాలుగుసార్లు. వేసేది నీ మరదలే, ప్రతిసారీ మొదటి చుక్క ముక్కు మీదే పడుతుంది.

ఒక సంగతి నీకే రాస్తున్నాను, బావకి చదివి వినిపించకు. మొదటి ఆపరేషను అయినప్పుడే కుడికంటితో చూశాను, నీ మరదలి జుట్టు బొత్తిగా తెల్లగా ఉంది. నెరిసిందని నాకు తెలుసు. కానీ ఇన్నాళ్ళూ నాకది ఎండకి వెలిసిన గోధుమరంగులో కనిపించేది. అప్పుడు అడగలేకపోయాను. ఒక కన్ను ఒకటి, ఇంకో కన్ను ఇంకోటి చెబుతుంటే ఏమని అడగను? నిన్న రెండు కళ్ళూ ఒకే మాట చెప్పాక అడిగాను, జుట్టు ఇంత తెల్లబడింది ఎప్పుడని.

"నాలుగేళ్ళయింది. మీరేమీ అనలేదని నేనూ రంగు వేసుకోవడం మానేశాను," అంది.

ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయాను. అలా చూస్తారేమిటంది. బాగుందన్నాను. కూరలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టింది.

"ఏ కంటితో చూసి అంటున్నారు?" అని అడిగింది.

రెండిటితోనూ అన్నాను.

గుండు